కుడి సీటు కింద

వాల్దీవియాలో జూన్ నెల.
పదకొండు రోజులుగా ముసురు విడవలేదు.
పొద్దున్నే కారు తలుపు తీస్తే
తడిసిన కుక్క వాసన.
నాకు కుక్క లేదు.

ఎనభై ఒకటో సంవత్సరపు ప్యూజో, గోధుమపిండి రంగు.
పడవ నడిపే ఫెర్మీన్ పోయాక
ఆయన భార్య ఓతీలియా బేరం లేకుండా ఇచ్చేసింది.
తాళంచెవి నా చేతిలో పెడుతూ
"వానకి ఆయనెప్పుడూ ఏమీ అనలేదు" అంది.
వానకో, కారుకో నేనడగలేదు.

పియానోలకి శ్రుతి చేసేదాన్ని.
వెనకసీటు నిండా తీగచుట్టలు, ఫెల్టు ముక్కలు.
చెమ్మ నా వృత్తికి పగ.

కుడివైపు తివాచీ మీద కాలు మోపితే
నీళ్లు బూటు అంచుదాకా లేచి
కాలు తీయగానే దిగిపోయాయి.
తివాచీ పీకాను. కింద జనపనార,
నార కింద తారు, తారు నడుమ
చిటికెనవేలు పట్టేంత చిల్లు.
దొరికావే దొంగా అనుకున్నాను.
అంచులు గాజులా గుండ్రంగా ఉన్నాయి.
తుప్పు అంత శుభ్రంగా తినదని
ఆ పూట తోచలేదు.
రబ్బరు బిరడా బిగించి, జిగురు పట్టించి
పొయ్యి దగ్గర హాయిగా నిద్రపోయాను.

గురువారానికి నాలుగు వేళ్ల లోతు.
ఫెల్టు ముక్కలు తేలుతున్నాయి.

అది నీళ్లొచ్చే దారి కాదు.
పోయే దారి.
ఫెర్మీన్ డ్రిల్లు పెట్టి తొలిచింది.
పడవ మనిషి,
రావద్దని నీటికి ఏనాడూ చెప్పి ఉండడు.

పక్కింటి నోల్బెర్తో కత్రిలెఫ్ వచ్చాడు,
రైల్వేలో రేకుపని చేసి మానేసినవాడు.
చేతిలో టాల్కం పౌడరు డబ్బా, వెనక మనవరాలు యాస్నా.
"తడి కనిపించిన చోట వెతక్కు" అన్నాడు.
నీరు పల్లమెరుగు నిజమే గాని
ఈ కారులో పల్లం ఎటో
నీటికొక్కదానికే తెలుసు.

అద్దం రబ్బరు చుట్టూ పౌడరు చల్లాం.
పైపుతో అరగంట తడిపాం. పౌడరు పొడిగానే ఉంది.
వెయ్యి పెసోల నోటు తలుపు సందులో పెట్టి మూసి
లాగాడు. రాలేదు. తలుపు మంచిదే.
టార్చిలైటిచ్చి యాస్నాని డిక్కీలో కూర్చోబెట్టాం.
"ఏమీ లేదు తాతా! ఒక సాలీడుంది!
అది కూడా తడవలేదు!"

అప్పుడు పైపు కట్టేసి
ఇద్దర్నీ మాట్లాడొద్దన్నాను.
కళ్లు మూసుకుని ముందుసీట్లో కూర్చున్నాను.
పైన రేకు మీద వాన.
దాని వెనక ఎవరింటిదో పొగగొట్టం ఈల.
ఆ వెనక, గ్లవ్ బాక్సు లోపల్లోపల,
ఆలస్యంగా, మెత్తగా,
ఫా స్వరానికి రవంత దిగువన
ఒక చుక్క.

సన్‌రూఫ్ జరిపితే మూలన చిన్న తూము.
బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు గ్లాసుడు పోశాం.
యాస్నా లెక్కపెట్టింది.
పదకొండు అనేలోపే గ్లవ్ బాక్సు వెనకనుంచి
ఎర్రగా కారింది. పిల్ల చప్పట్లు కొట్టింది.
పైకప్పు నుంచి స్తంభం లోపలగా దిగే గొట్టం
ఎండి, పగిలి, మధ్యలో ఊడిపోయి ఉంది.
లాగితే నల్లటి ముద్ద వచ్చింది:
కొయీగె ఆకులు, సిగరెట్టు బూడిద.
కప్పు తెరిచి, ఆకాశంలోకి పొగ వదులుతూ
ఎన్నేళ్లు నడిపాడో.
నోల్బెర్తో ఆ ముద్దని వాసన చూసి
ఏమీ అనకుండా చెరువులోకి విసిరినట్టు
దూరంగా విసిరాడు.

చేపల తొట్లమ్మే కొట్లో రెండు మీటర్ల గొట్టం కొన్నాను.

జులై వచ్చింది. వాన వెళ్లలేదు.
కుడివైపు ఆరింది, వాసన కొంత ఉంది.
చిల్లు మళ్లీ మూయలేదు.
బిరడా కోటు జేబులో
శ్రుతి చేసే తాళంచెవి పక్కన పడుంది.

నిన్న వంతెన మీద బ్రేకు వేస్తే
వెనకెక్కడో, ఇనుము కడుపులో,
గరిటెడు నీళ్లు ముందుకొచ్చి
మళ్లీ వెనక్కి పోయాయి.

రేడియో కట్టేశాను.