దుబాసీ

జెనీవా నుంచి వచ్చినావిడ
ముక్తేశ్వరం రేవులో పంటు దిగి
లంకలో, పేట చివర నులక మంచం మీద కూర్చుంది.
నేను దుబాసీని.

"పాలు పొయ్యరు. కొట్లో అగ్గిపెట్టె ఇవ్వరు.
కొబ్బరి దింపుకి పిలవరు.
మాతో మాటాడితే అయిదొందలు జరిమానా అంట బాబూ"
సువార్తమ్మ వేళ్ళు మడుస్తోంది.

'వెలి' అన్న మాట దగ్గర
నా ఇంగ్లీషుకి గడ అందలేదు.
మూడు మాటలు వేసి చూశాను,
ఏదీ అడుగు తాకలేదు.
ఆవిడ పెన్ను ఆగింది.

ఈలోగా స్టీలు గ్లాసుల్లో నీళ్ళొచ్చాయి, రెండు.
ఆవిడ గటగటా తాగి మూతి తుడుచుకుంది.
"దాహం లేదమ్మా" అన్నాన్నేను,
మే నెల, మధ్యాహ్నం రెండింటికి.

సువార్తమ్మ ఏమీ అనలేదు. అలవాటే.
తొణకని నా గ్లాసు వైపు చూసి
ఆవిడ ఒక్క ముక్క రాసుకుంది.
స్పెల్లింగు అడగలేదు.