రిజిస్టరు వెనక పేజీలు

మా అపార్ట్‌మెంటు ట్యాంకర్ల రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది.
ముందు పేజీల్లో
తేదీ, లారీ నంబరు, ఎన్ని వేల లీటర్లు, సంతకం.
వెనక నుంచి తిరగేస్తే
బోరా బోరా.

మార్చి నెలాఖర్లో మొదలుపెట్టాం.
దామోదర్ స్కేలు పెట్టి గళ్లు గీశాడు.
పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి
ఇద్దరం ఒకే పుస్తకంలో రాసుకోవడం ఇదే మొదలు.
శంషాబాద్, సింగపూర్, ఆక్లాండ్, పపీటే,
అక్కణ్ణుంచి ఆటో అంత విమానం.
నీళ్ల మీద కర్రల గుడిసె రాత్రికి ఎంతో చూసి
నేను పెన్సిలు కింద పెట్టేశాను.
"గుడిసె వద్దులే, ఒడ్డున ఎవరింట్లోనో ఒక గది" అన్నాడు,
రబ్బరుతో చెరిపి, ఉఫ్‌మని ఊది.
చెరిపిన చోట సున్నాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

నిజాంపేటలో మే నెల.
మా బోరు పన్నెండొందల అడుగుల లోతున
రెండు రోజులు దగ్గి, మట్టి ఉమ్మి, ఊరుకుంది.
పొద్దున ఆరు నుంచి ఆరున్నర,
రాత్రి ఏడు నుంచి ఏడుంబావు, అంతే నీళ్లు.
వంటింట్లో బిందెలకి పేర్లు పడ్డాయి:
తాగేది, తోమేది, ఎందుకైనా మంచిది.

సెల్లార్‌లో మల్లేశం అడిగాడు:
"ఏం రాస్తున్నరమ్మా గంతగనం?"
బోరా బోరా అన్నాను.
"రెండు బోర్లా! ఎవ్వలేసిండ్రు? నీళ్లు పడ్డయా?"
పడ్డాయి మల్లేశం, చుట్టూ నీళ్లే.
"ఎన్ని ఫీట్లకు?"
అడుగు కూడా తవ్వక్కర్లేదన్నాను.
కాసేపు ఆలోచించాడు.
"ఉప్పు నీళ్లా?"
ఉప్పే.
"గట్లయితే పప్పుడకది" అని
తాళాల గుత్తి తీసుకుని మోటారు చూడ్డానికి పోయాడు.

ఆ రాత్రి వెనక పేజీలో రాసుకున్నాను:
అక్కడ తాగే నీళ్లు ఎక్కణ్ణించి? కనుక్కోవాలి.
ఎన్నో ఫోటోలు చూశాం,
ఒక్కదాంట్లోనూ కుళాయి లేదు.

ఇంకో సంగతి దామోదర్ చెప్పాడు.
పసిఫిక్ మధ్యలో ఎవరో గీసిన గీత ఉందట.
శనివారం ఆక్లాండ్‌లో ఎక్కితే
శుక్రవారం పపీటేలో దిగుతామట.
ఒకసారి వాడేసిన శుక్రవారం
మళ్లీ కొత్తగా మన చేతికి.
"ఏం చేస్తావ్ దాంతో?"

తలంటుకుంటానన్నాను.
మగ్గులు లెక్కపెట్టకుండా,
నురగ కళ్లలో పడ్డా తొందరపడకుండా,
మూడొందల రెండు పద్మజ గారు తలుపు కొట్టి
"మోటారు ఆపేస్తున్నారండీ" అనకుండా,
జుట్టు చివర్ల నుంచి నీళ్లు ఊరికే కారిపోతుంటే
పోనీ, పోనీ అనుకుంటూ.

అతను నవ్వలేదు.
పట్టికలో రాశాడు: శుక్రవారం, ఉచితం.
తిరుగు ప్రయాణంలో ఒక రోజు కోత పడుతుందని
దాని పక్కనే, చిన్న అక్షరాల్లో.

ముందు నుంచి ట్యాంకర్లు వస్తున్నాయి,
వెనక నుంచి ద్వీపం.
మే ఇరవై మూడుకి మధ్యలో పదకొండు పేజీలు మిగిలాయి.
కొత్త పుస్తకం కొంటానంటే దామోదర్ వద్దన్నాడు,
ఎందుకో చెప్పలేదు.
కొత్త బోరుకి మా వాటా కట్టేశాం.
సింగపూర్ కాస్త దూరం జరిగింది.

నిన్న రాత్రి రెండింటికి ట్యాంకర్.
నైటీ మీద చున్నీ వేసుకుని దిగాను.
దామోదర్ వెనకాలే వచ్చాడు, అతనికి పనేం లేదు.
జహంగీర్ సంపులోకి పైపు వదిలాడు.
ఇద్దరం అంచున కూర్చున్నాం.
చీకట్లో నీళ్లు పడుతున్న చప్పుడు,
రంగు తెలీదు.
"నీలంగా ఉంటాయనుకో" అన్నాడు.
అనుకుంటూ ఉండగానే
మల్లేశం టార్చి కొట్టాడు: కాస్త ఎరుపు, పైన నురగ.

"మేడం, సంతకం."
పెన్ను రాయలేదు.
రిజిస్టరు తిరగేసి వెనక పేజీలో గట్టిగా గీకాను.
మొదట ఏమీ పడలేదు,
తర్వాత పపీటే పక్కన
వరసగా నీలం మెలికలు.