ఒడ్డు

తొమ్మిదో తరగతి. ఫ్యాను తిరగడం లేదు.
మొగిలయ్య సారు బోర్డు మీద
వంకరగా ఒక నది గీసినాడు.
ఈ గట్టున మాస్కో, ఆ గట్టున ఖాన్ గుర్రాలు.
రెండువందల చిల్లర ఏండ్ల కప్పం
మధ్యలో పారతా ఉంది.

"నీళ్లు గడ్డకట్టినాయి. నడిచి దాటొచ్చు.
ఎవురూ దాటలేదు.
ఎవురి దోవన వాళ్లు ఎనక్కి పోయినారు."

"మరి గెలిచిందెవురు సార్?"
చేతి సుద్ద దులుపుకున్నాడు, చెప్పలేదు.

సాయంత్రం, చిత్తూరు నీవా వంతెన కాడ
అమ్మ బోండాల బండి.
దినవడ్డీ దొరస్వామి బుల్లెట్టు ఆపి
చెయ్యి చాపినాడు.
అసలు తీరి ఏడాదయింది.
అమ్మ గరిటె దించలేదు, డబ్బా తెరవలేదు.
నూనె సలసలమంటా ఉంది.

ఎంతసేపో.

బుల్లెట్టు స్టార్టయింది.
కింద నీవాలో
గడ్డకట్టేదానికి నీళ్లే లేవు.
అమ్మ ఇంకో వాయి వేసింది.