గింజ పలకాలి

ఎండుమిరపకాయని చెవి దగ్గర పెట్టుకుని
ఊపుద్ది శౌరమ్మత్త.
లోపల గింజ పలికితే సంచిలోకి,
పలక్కపోతే మళ్లీ ఎండలోకి.
కల్లంలో ఇంకో కొలత లేదు మాకు.

ఆమెకి ఎడమ చెవి పోయి ఆరేళ్లు.
కూలోళ్ల ఆటో హారన్ వినపడదు,
వెనకనించి పేరెట్టి పిలిచినా వినపడదు,
కాయ మాత్రం వినపడుద్దంట.
"కుడిచెవి దానికోసమే దాచుకున్నా" అంటది.
నవ్విందో, ఘాటుకి మూతి ముడిచిందో తెలీదు.

మొదటి కాపు పూతలోనే పోయింది.
మందు కొట్టిన మర్నాడే
ఏమీ ఎరగనట్టు పువ్వులో కూర్చునుండేది
నల్ల తామరపురుగు.
రెండో కోత కౌలు కిందికి పోయింది.
ఇది మూడోది.
దీంట్లో మాదంటూ ఎంతుందో
ఇంకా లెక్క కట్టలా.
కట్టబుద్ధి కాలా.

తాలుకాయ ఏరడానికి పేరేచర్ల నించి ఆరుగురొచ్చారు.
తెల్లబడ్డవి ఒకపక్క, ఎర్రవి ఒకపక్క,
మధ్యలో ఎటూ తేలనివి,
చేతులు ఆగేది వాటి దగ్గరే.
మధ్యాన్నం బిడ్డకి పాలివ్వాలంటే
అంతోనమ్మ మజ్జిగలో చేతులు ముంచి,
బూడిదతో రుద్ది, కొబ్బరినూనె రాసి,
అప్పటికీ నమ్మకం లేక
మోచేతులతోనే ఎత్తుకునిద్ది పిల్లని.
ఆ పిల్ల తుమ్ముతూనే నిద్రపోయిద్ది.
మా కల్లాల్లో పెరిగినోళ్లకి
తుమ్ము అపశకునం కాదు.

సాయంత్రం ఫిరంగిపురం కొండ మీద మబ్బు.
చిన్నదే, అరచెయ్యంత.
అంతే, కలిపిన ముద్ద పళ్లెంలో వదిలేసి
అందరం పట్టాల మీద పడ్డాం.
ఇన్నయ్య మామ లుంగీ ఎగ్గట్టి
అంచులకి రాళ్లు మోశాడు.
గాలి ఒక మూల ఎత్తి లోపలికి తొంగిచూసి
బేరం కుదరనట్టు వదిలేసి పోయింది.
నాలుగు చినుకులు.
నాలుగే, లెక్కపెట్టా.
ఒకటి నా మెడ మీద పడింది. అది పర్లేదు.

గుంటూరు యార్డులో తెల్లారగట్ల మూడింటికి
ఇరవై రెండు టిక్కీలు దించాం.
పొద్దెక్కాక వచ్చాడు వ్యాపారి,
ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టి.
సంచి కోసి, గుప్పెడు తీసి,
చేతిలో మిషన్ చూసి
"తేమ పద్నాలుగుంది" అన్నాడు.
శౌరమ్మత్తకి వినపడలా,
ఎడమపక్క నిలబడ్డాడు మరి.
ఆయన మొహం చూసి అర్థం చేసుకుంది.
ఒక కాయ ఏరి ఆయన చెవి దగ్గరికి తీసుకెళ్లింది.
వెనక్కి జరిగాడు,
కంట్లో పెడుద్దనుకున్నాడేమో.
ఊపింది.
చుట్టూ హమాలీల అరుపులు, లారీలు,
మైకులో లాట్ నంబర్లు, వరసగా తుమ్ములు.
నాకేమీ వినపడలా.
ఆయనకీ వినపడి ఉండదు.
చీటీ మీద పద్నాలుగే రాశాడు.

తిరుగు బస్సులో ఆమె కొంగుముడి విప్పితే
డబ్బులు లెక్కపెడుద్దనుకున్నా.
కాయ.
తన చెవి దగ్గర ఒకసారి ఊపుకుని
నా చెవి దగ్గర ఊపింది.
"చూడు" అంది.
వినమనలా, చూడమంది.
చూశా.
ముందు సీటాయన తుమ్మి
కిటికీ ఇంకాస్త తెరిచాడు.

అది కంపెనీ విత్తనం,
దాచి నారు పోస్తే ఈ కాయ మళ్లీ రాదు.
ఆ సంగతి ఆమెకీ తెలుసు.
పేరేచర్ల గేటు దగ్గర బస్సాగినప్పుడు
మళ్లీ కొంగున ముడేసుకుంది,
గట్టిగా, రెండు ముళ్లు.