పంతొమ్మిదేళ్ల పెద్ద

జేబు మీద నల్ల బిళ్ళ.
దాని మీద, నా పేరుకు ముందు, ఎల్డర్.
అంటే పెద్ద అని అర్థం చెబితే
గ్రీమ్స్‌పేట అంగడి చెంగల్రాయుడు
నా మీసం వచ్చే చోటు వైపు కాసేపు చూసి
"యాడబ్బా పెద్దా?" అన్నాడు.

ఆరున్నరకు అలారం.
మోకాళ్ల కింద గచ్చు రాత్రి వేడిని ఇంకా వదల్లేదు.
ఇన్బరాజ్ తమిళంలో ప్రార్థిస్తాడు, నేను తెలుగులో.
ఆవలింత మాత్రం ఇద్దరికీ ఒకేసారి వస్తుంది.

తెల్ల చొక్కాలు చెరి నాలుగు.
కాలర్ మీద చిత్తూరు ఎండ గీసిన పసుప్పచ్చ గీత
ఏ సబ్బుకూ లొంగదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రోజులు,
ఊరంతా తీపి పులిసిన వాసన.
ఈగలకు మా టైలంటే ఎందుకో అంత ఇష్టం.

రాజమండ్రి నోరు నాది.
"లోపలికి రావచ్చాండీ?" అంటే
"అండీ బండీ ఏంది, వచ్చి కూచోరా" అంటారు.
ఎనిమిది నెలలకి నా "ఎక్కడికి" "యాడికి" అయింది.
సోమవారం ఫోన్లో అది విని అమ్మ నవ్వింది,
తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తెలిసినవాళ్లు పిలిస్తేనే గడప తొక్కాలని నియమం.
పిలిచినవాళ్లు పిలిచిన పూటకే తాళం వేస్తారు.
ఒకాయన కిటికీ సందులోంచి
"ఆయన లేడు" అని ఆయన గొంతుతోనే చెప్పాడు.
నమ్మినట్టు తలూపి నోట్‌బుక్‌లో రాసుకున్నాం:
గురువారం, నాలుగున్నర, లేడు.

ఆదివారం సిమెంటు కొట్టు మీది అద్దె గది.
ఇరవై కుర్చీలు, తొమ్మిదిమంది.
ఒకాయన ఫ్యాను కోసం వచ్చాడని అందరికీ తెలుసు.
కీర్తనల పుస్తకం ముందు ఆయనకే ఇచ్చాను.

ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు ఆనుతూ ఉండాలి మేం.
అందుకని ఇన్బరాజ్ రాత్రిళ్లు
స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తాడు.
పైనుంచి ఇంటాయన, "ట్యాంకు అయిపోతా ఉండాది!"
నేను తలుపు కొడతాను.
ఈ తలుపు ముందు ఏం చెప్పాలో
మాకు నేర్పిన ఏ పాఠంలోనూ లేదు.
"ఒరే, నీళ్లు" అంటాను.
కుళాయి ఆగుతుంది.
వాడు ఆగడానికి ఇంకొంచెం పడుతుంది.

ఇవాళ బెల్లం మండీ వెనక దేశమ్మ ఇల్లు.
పిలిచిన మనిషి పిలిచిన పూటకు ఇంట్లో ఉండటమే పండగ.
యాలక్కాయ దంచి మరీ టీ పెట్టింది,
రెండు స్టీలు గ్లాసులు కొంగుతో తుడిచి అందించింది.
"మేం టీ తాగమమ్మా."

చెయ్యి అక్కడే ఆగింది.
"మా ఇంట్లో తాగరా? యా ఇంట్లోనూ తాగరా?"

ఆ ప్రశ్న వయసు ఆమె వయసు కంటే చాలా ఎక్కువ.
మా తాత దోసిట్లోకి
ఎత్తు నుంచి నీళ్లు పోసిన ఊరు మాది. నాకు తెలుసది.
నియమం చెప్పాలి, ఎందుకో చెప్పాలి, వచనం చూపించాలి.
నోరు తెరిస్తే ఒక్క వాక్యమూ రాలేదు.

పొయ్యి పక్కన సగం ఖాళీ అయిన సత్తు చెంబు.
"అదేంటమ్మా?"
"అంబలి. నేను తాగి పెట్టింది."
"అదే ఇయ్యి."

ఆమె చూపు నన్ను దాటి ఇన్బరాజ్ మీదికి పోయింది.
వాడప్పటికే ఎర్రగడ్డ కొరుకుతున్నాడు.
చెంబు మా ముగ్గురి మధ్యా రెండు చుట్లు తిరిగింది.
రెండు గ్లాసుల టీ దేశమ్మే తాగింది, చివర్న,
"మీ సామికి టీ మీద ఏం కోపమో" అంటూ.
"తెలీదు" అన్నాను.
ఈ నెలలో నేను చెప్పినవాటిలో
ఎదుటి మనిషి వెంటనే నమ్మిన మాట అదొక్కటే.

పుస్తకం సంచి దాటి బయటికి రాలేదు.
బస్టాండు దగ్గర నోట్‌బుక్ తీశాను.
పాఠం, ప్రార్థన, ఆదివారం వస్తారా:
ఏ గడిలోనూ రాయడానికి ఏమీ లేదు.
పక్కన అంచులో, చిన్నగా,
దేశమ్మ, ఐదింటికి, ఉండాది.