తోక మార్చిన ఫైళ్లు

శుక్రవారం సాయంత్రం సర్వర్ నిండిపోయింది.
నాంపల్లి నీళ్ల ఆఫీసు, మూడో అంతస్తు,
ఏసీ కింద బకెట్,
బకెట్‌లో టప్ టప్.
నూటపది మందికి ఒక్కటే డిస్కు.
ఉమ్మడి కాపురంలో బియ్యం డబ్బా లాంటిది,
ఎవరెంత తీశారో ఎవరూ చెప్పరు.

"సినిమాలు గినిమాలు ఉంటే పీకి పారెయ్యమ్మా"
అన్నారు సూపరింటెండెంట్ గారు
మెట్రోకి టైమైందని బ్యాగు సర్దుకుంటూ.

వెతికాను. ఒక్క సినిమా లేదు.
అన్నీ ఎస్టిమేట్లు, ముసాయిదాలు, జీవోలు.
ఇంత బుద్ధిమంతుల ఆఫీసు
నాంపల్లిలో ఇంకోటి ఉంటుందా!

కానీ చుక్క తర్వాత మూడక్షరాలు
వట్టి తోక.
కత్తిరించి ఇంకోటి అతికించుకోవచ్చు.
ఫైలు నోరు తెరవగానే రాలే తొలి బైట్లు మాత్రం
పుట్టుకతో వచ్చినవి.
అవి చదివే చిన్న ప్రోగ్రాం రాసి వదిలితే
సిటీ బస్సులో చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌లా
సీటు సీటుకీ ఆగుతూ పోయింది.

దొరికారు.
"పెండింగ్ బిల్లులు" ఎవరిదో బారాత్, మర్ఫా మోత.
"ఆడిట్ అభ్యంతరాలు" మూడు గంటల దయ్యాల సినిమా.
నవ్వుకుంటూ తుడిచేశాను.

తర్వాత, "పాత పైపుల జాబితా".
ఒకటి నుంచి రెండు వందల పదహారు దాకా.
పైకి లెక్కల కాగితం,
తొలి బైట్లు చూస్తే గొంతు.
ఒకటి తెరిచాను.
"నా పేరు బు... బు... బు..."
ఊపిరి. కుర్చీ కిర్రుమంది.
ఎవరో తలుపు తీసిన చప్పుడు, అంతే.

నలభయ్యోది: "బుచ్... బుచ్..."
నూట ముప్పయ్యోదిలో
తనను తానే ఓ బూతు తిట్టుకున్నాడు.
ఆ తిట్టు మాత్రం ఎక్కడా తడబడలేదు.

రెండు వందల పదహారు, పోయిన మంగళవారం:
"నా పేరు బుచ్చిలింగం. డిస్పాచ్ సెక్షన్."
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం కూడా
డిస్కులో ముప్పై కేబీ.

రిపోర్టులో రాశాను:
పాత పైపుల జాబితా, పరిశీలించడమైనది,
లెక్కల కాగితాలే.
నేనూ ఒక తోక అతికించాను.

సోమవారం పొద్దున కౌంటర్ ముందు ఆయన.
పాస్‌వర్డ్ మరిచిపోయాడట,
పేరు రాసిన చీటీ ముందుకు జరిపాడు.
చీటీ తీసుకోలేదు.
"చెప్పండి, ఎవరి పేరు మీద?"

తెర మీద కర్సర్
ఆరుతూ వెలుగుతూ ఉంది.
వెనక లైన్లో ఎవరో గొణిగారు.
నాకేం తొందర లేదు.