నలభై రెండు తెరలు

మిషను మీద అప్పు తీరిన నెల
ఏం కావాలో అడగమన్నాడు మా ఆయన.
చీర అంటాననుకున్నాడు.
"ఆ తెరలు వేలాడేక ఎలాగున్నాయో
ఓపాలి చూడాల" అన్నాను.

రాణీవాసం హోటలుకి
మొన్న వానాకాలం కుట్టాం అవి.
మిషను పని ఆయనది, కింద అంచు చేతికుట్టు నాది,
తెరకి నలభై రూపాయలు.
మంచం ఎత్తి గోడకి ఆనించి
నేలంతా మెరూన్ గుడ్డ పరిస్తే
పదిహేను రోజులు పిల్లలు
గుమ్మం నుంచి పొయ్యి దాకా గెంతుకుంటూ తిరిగేరు.
తరవాత ఆటోలో వేసి పంపించేశాం. అంతే.
అవి నిలబడ్డం మేం చూడలేదు.

ఐదు వందల కాగితం ఆయన జేబులో,
వంద నా రవికెలో, ఎందుకైనా మంచిదని.
పర్లాకిమిడి బజార్లో
కొమ్ము దువ్వెనల కొట్టు దాటేక
ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు.
నేను చూడనట్టు బోర్డులు చదివాను.
ఒడియా అక్షరాలు,
ఒక్కొక్కటీ గొడుగేసుకుని నించున్నట్టు.

గేటు దగ్గర ఏదో పెద్ద ప్రశ్నే అడిగేరు.
"చా" అన్నాడు మా ఆయన.
ఆ ఒక్క అక్షరంతో లోపలికెళ్ళిపోయాం.

గది అద్దె గోడ మీద రాసుంది.
ఆయన నా చెవిలో అన్నాడు:
"ఇంత ఇచ్చి నిద్రపోతే నష్టం కదే."

టీ తెచ్చిన కుర్రాడు ఢిల్లేశు.
మా వీధి గుంటడే, వాళ్ళమ్మ రవికెలన్నీ మా దగ్గరే.
చొక్కా మీద ఇత్తడి రేకులో వేరే పేరుంది.
"గుడీవినింగ్ మేడమ్" అన్నాడు.
"గుడీవినింగండీ" అన్నాను నేనూ.
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
"నీళ్ళు సీసావా, మామూలువా?"
వాడికి తెలుసు. అడగడం వాడి ఉద్యోగం.

ఒక టీ, రెండు కప్పులు.
అప్పుడు తలెత్తాను.

మహేంద్రతనయ వరదలో ఎర్రనీరు
లేచి నిలబడినట్టు
కప్పు నుంచి నేల దాకా అవే.
మా ఇంట్లో పడుకుని ఉన్నన్నాళ్ళూ
ఇంత పొడుగని తెలీలేదు.
బాగా బతికిన చుట్టం ఇంటికెళ్ళినట్టు
పలకరించాలో మానాలో తోచలేదు.

"మూడో కిటికీ" అన్నాడు ఆయన, పెదాలు కదపకుండా.
కింద అంచు జానెడు ఊడి ఉంది.
నా కుట్టే. కరెంటు పోయిన రాత్రిదయ్యుంటుంది.

ఆయన కాలరు మడతలో సూది ఎప్పుడూ ఉంటుంది.
ఆ రోజు నల్లదారం.
కాలి మెట్టె జారినట్టు వంగి కూచున్నాను.
టీ చల్లారిపోతోంది, పోనీ.
ముడి ఒక్కటే మిగిలింది,
"మేడమ్, ప్లీజ్, కర్టెన్లు ముట్టుకోకండి."
కోటు వేసుకున్నాయన.

ఇది నా చేతికుట్టేనండీ అందామనుకున్నాను.
ఆ మాటకి టాక్సెంత పడుతుందో.
లేచి వచ్చి కూచున్నాను.
సూది అక్కడే ఉండిపోయింది.

బిల్లు నాలుగు వందల నలభై ఎనిమిది, నలభై పైసలు.
లెక్క వేస్తే
పదకొండు తెరల అంచులు,
ఇంకో దాన్లో ఓ మూర.
ఐదు వందలిస్తే తిరిగొచ్చిన చిల్లరలో
పది కాగితం ట్రేలో వదిలాడు మా ఆయన.
ఇంటికొచ్చేదాకా దాని గురించే మాట్లాడాడు.

మర్నాడు పొద్దున్న
లుంగీ కట్టుకుని పళ్ళు తోముకుంటూ ఢిల్లేశు,
కాగితంలో చుట్టిన సూది నా చేతిలో పెట్టాడు.
"ముడి ఎయ్యడం నాకు రాదత్తా,
సెల్లోటేపు అంటించీసినాను."

మా ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.